అప్‌డేట్: కొలనోస్కోపీ అయిపోయింది

నాన్నకు 52 ఏళ్లకి పెద్దపేగు క్యాన్సర్ వచ్చింది, నాకిప్పుడు 42, ఏ ఇబ్బందీ లేదు, అయినా కొలనోస్కోపీ (పెద్దపేగు లోపల కెమెరా గొట్టంతో చూసే టెస్టు) చేయించుకోవాలా అని ఇక్కడ అడిగాను కదా. పోయిన వారం చేయించుకున్నాను. ధైర్యం చెప్పిన అందరికీ థాంక్స్.

తల్లిదండ్రులకో తోబుట్టువులకో వచ్చి ఉంటే 40 ఏళ్లకి, లేదా వాళ్లకు బయటపడిన వయసుకి పదేళ్ల ముందు, ఏది ముందైతే అప్పుడే ఈ టెస్టు మొదలుపెట్టాలట. అంటే నేను రెండేళ్లు ఆలస్యం.

అసలు కష్టమంతా ముందురోజు రాత్రే. పొడి కలిపిన ఉప్పటి నీళ్లు సగం రాత్రి, మిగతా సగం తెల్లవారుజామున నాలుగింటికి లేచి తాగాలి, బాత్రూమ్ దగ్గరే కాపురం, కానీ పేగు శుభ్రంగా లేకపోతే చిన్నవి కనపడవు కాబట్టి దయచేసి సగంలో ఆపేయకండి. టెస్టు మాత్రం మత్తులో తెలియనే లేదు.

ఒక చిన్న పాలిప్ (పేగు లోపలి గోడ మీద పెరిగే బుడిపె) దొరికింది, అప్పుడే తీసేశారు. రిపోర్టులో అడినోమా అని వచ్చింది. క్యాన్సర్ కాదు, వదిలేస్తే కొన్నేళ్లకు అలా మారే అవకాశం ఉన్న రకం. అది విన్నప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. మళ్లీ ఐదేళ్లకి రమ్మన్నారు.

తమ్ముడికి 39. వాడికీ వచ్చే నెల అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.