సమస్యాపూరణం: దీపము లార్పంగ వెలిఁగెఁ దిరుపతి వీధుల్

నిర్వాహకుడు (తిరుపతి):
బ్రహ్మోత్సవాలు దగ్గరకొచ్చాయి. ఊళ్లో అప్పుడే సర్వి కట్టెలు పాతుతున్నారు. మట్లి అనంతరాజు కట్టించిన గోవిందరాజస్వామి వారి ఏడంతస్తుల గోపురం మీద మనుషులు తాళ్లు పట్టుకుని ఎక్కి, పైనుంచి లైట్ల దండలు వదులుతున్నారు. ఇంకో వారంలో శంఖం, చక్రం, తిరునామం, రెక్కలాడించే గరుత్మంతుడు అన్నీ వీధుల్లో బల్బులతో లేస్తాయి. తొమ్మిది రోజులూ కొండకు పోలేని వాళ్లు, ఐదో రోజు గరుడసేవ రద్దీకి జంకి కిందే ఆగిపోయిన వాళ్లు, సాయంత్రం పిల్లల్ని వెంటేసుకుని ఈ లైట్లు చూడ్డానికి వస్తారు. అందుకే ఈసారి సమస్య ఇది:

దీపము లార్పంగ వెలిఁగెఁ దిరుపతి వీధుల్

ఇది కందపద్యం చివరి పాదం, ముందు మూడు పాదాలు మీరు రాసి దీనికి అర్థం కుదర్చాలి. ప్రాస, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం, పకారం; దాని ముందు గురువు. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో కుదరాల్సిన పొత్తు, దీ–ది. ఒక్క షరతు పెడుతున్నా. సమస్యలో ఉన్నది ‘ఆరంగ’ కాదు, ‘ఆర్పంగ’. అంటే ఎవరో ఒకరు ఆర్పాలి. ఆర్పినవాళ్లెవరో, ఆర్పినందువల్లనే వీధి ఎట్లా వెలిగిందో రెండూ పద్యంలో కనబడాలి. ‘అంతలో కరెంటొచ్చింది’ అని తప్పించుకోవద్దు.

పలమనేరు సామి:
వీధులు వెలిగెను అంటున్నారు. వెలిగాయి అనాలి కదా?

చంద్రగిరి మాస్టారు:
గ్రాంథికంలో ఆ రూపమే చెల్లుతుంది సామీ. చెట్లు కూలెను, పూలు రాలెను అన్నట్టే. సందేహం తీరింది కాబట్టి పద్యం రాయండి.

శ్రీకాళహస్తి అన్న:
అందరికంటే ముందు నాది.

మాపటి వెలుఁగులు చాలని
రేపటి కిరణములు దోఁచి రేయిం దరుమన్
జూపఱు మెచ్చఁగఁ బురమున
దీపము లార్పంగ వెలిఁగెఁ దిరుపతి వీధుల్

తెల్లారింది, లైట్లు తీసేశారు, వీధి సూర్యుడి వెలుగులో వెలిగింది. అంతే.

నిర్వాహకుడు:
ధార హాయిగా ఉంది. ‘రేయిం దరుమన్’ దగ్గర వేగం నచ్చింది. గణాలు, యతి, ప్రాస అన్నీ సరే. కానీ అన్నా, లైట్లు ఆర్పకపోయినా సూర్యుడు వెలిగేవాడే. ఆర్పడానికీ వెలగడానికీ సంబంధం లేదు. పైగా ‘చాలని’ అనుకున్నది ఎవరు? ఆ అనుకున్న మనిషి పద్యంలో లేడు. తెల్లవారడం రేణిగుంటలోనూ జరుగుతుంది, తిరుపతి అన్న మాటకు ఇందులో పనేముంది?

శ్రీకాళహస్తి అన్న:
మొదటి పద్యానికే ఇంత వాయింపా! సరే, ఇంకోటి రాస్తా.

కొర్లగుంట తమ్ముడు:
అందరికీ నమస్కారం. కందం రాయడం నాకు కొత్త. తప్పులుంటే దిద్దండి.

ఆ పురి జనులకు వినోద
మై పండుగ వచ్చె ననుచు మక్కువ నిండ్లన్
జూపఱులై వెడలు నపుడు
దీపము లార్పంగ వెలిఁగెఁ దిరుపతి వీధుల్

లైట్లు చూడాలని అందరూ ఇళ్లలో దీపాలు తీసేసి బయటికొచ్చారు. ఇళ్లు చీకటి, వీధి వెలుగు.

చంద్రగిరి మాస్టారు:
తమ్ముడూ, ఊహ చక్కగా ఉంది, ఒక గణం మాత్రం తప్పింది. మొదటి పాదం విడగొట్టి చూడు: ఆపురి – భగణం (గురువు, లఘువు, లఘువు), జనులకు – నలం (నాలుగు లఘువులు), వినోద – జగణం (లఘువు, గురువు, లఘువు). కందంలో బేసి గణం జగణం కాకూడదు. ఇది మూడో గణం. ‘వినోద’ తీసేసి ‘వేడుక’ పెడితే భగణమవుతుంది. అయితే అక్కడితో అయిపోదు. ‘వేడుక’ తర్వాత ‘మై’ రాదు, ‘యై’ వస్తుంది. ‘యై’ వస్తే ‘మక్కువ’తో యతి పోతుంది. కాబట్టి అదీ మార్చాలి:

ఆ పురి జనులకు వేడుక
యై పండుగ వచ్చె ననుచు నందఱు నిండ్లన్

ఇప్పుడు ఐ–అ స్వరయతి కుదిరింది. ‘అందఱు’ వచ్చేసరికి ఆర్పినవాళ్లెవరో కూడా తేలిపోయింది. నీ మొదటి పద్యంలో అది కాస్త దాగి ఉండింది.

కొర్లగుంట తమ్ముడు:
ఒక్క మాట మారిస్తే ఇంత కదులుతుందా మాస్టారూ! నిజానికి ఈ ఊహ మా అమ్మ నుంచి వచ్చింది. లైట్లు చూడ్డానికి బయల్దేరే ముందు ఇల్లంతా తిరిగి స్విచ్చులన్నీ తీస్తుంది. ‘ఆడ అంత ఎలుగుతుంటే ఈడెందుకు దండగ’ అంటుంది.

నిర్వాహకుడు:
అమ్మగారికి మా నమస్కారాలు. నా షరతు రెండు వైపులా నెగ్గిన మొదటి పద్యం ఇదే. ‘ఆ పురి’ అన్నది మాత్రం ఎక్కడో దూరపు ఊరి సంగతిలా ఉంది. మన ఊరి గురించే కదా, ‘ఈ పురి’ అను. గురువే కాబట్టి గణం చెడదు.

పుత్తూరు అక్కయ్య:
నాదో పూరణ. గాలివాన రాత్రి.

కోపముతో గాడ్పు విసరి
దాపునఁ గల తీఁగె తెగఁగఁ దడబడకుండన్
ఓపికతో వత్తు లిడిరి
దీపము లార్పంగ వెలిఁగెఁ దిరుపతి వీధుల్

చంద్రగిరి మాస్టారు:
అక్కయ్యా, మీ స్థాయికి ఇది తక్కువ. ‘తడబడకుండన్’ యతి కోసం తెచ్చిపెట్టిన మాట. దాని తర్వాత ‘ఓపికతో’ అని అచ్చు వచ్చింది, సంధి కలపలేదు, అది విసంధి. అసలు చిక్కు మూడో పాదంలో ఉంది. వత్తులిడి వెలిగించినవీ దీపాలే, గాలి ఆర్పినవీ దీపాలే. ఏవి ఆరాయో ఏవి వెలిగాయో చదివేవాడికి అందదు. సమాసాన్ని రెండు పాదాలకు పంచి చూడండి:

కోపముతో గాడ్పు విసరి
దాపునఁ గల తీఁగె తెగఁగ దారుల నెల్లన్
ప్రాపుగ వత్తులె విద్యు
ద్దీపము లార్పంగ వెలిఁగెఁ దిరుపతి వీధుల్

ఆరినవి విద్యుద్దీపాలు, ఆర్పింది గాడ్పు, వెలిగించింది వత్తులు.

పుత్తూరు అక్కయ్య:
‘విద్యు’ అని పాదం చివర ఆపడం నాకు తోచనే లేదు. దణ్ణం మాస్టారూ. కానీ వాక్యం కొంచెం మెలిక పడింది. గాడ్పు విసరి... ఆర్పంగ... వత్తులె ప్రాపుగ... అన్వయం రెండుసార్లు చదివితే గానీ రావడం లేదు.

చంద్రగిరి మాస్టారు:
ఒప్పుకుంటా. దిద్దినంత మాత్రాన అది మంచి పద్యమైపోదు.

మదనపల్లె అబ్బాయి:
నాది కాస్త నవ్వులాట.

పాపఁడు కేకును గోసెను
శ్రీపతి యుత్సవము కూడఁ జేరెను నాఁడే
యా పసివాఁ డూఁది యపుడె
దీపము లార్పంగ వెలిఁగెఁ దిరుపతి వీధుల్

పలమనేరు సామి:
పుట్టినరోజు నాడు దీపం ఊదడమేందబ్బా! మన ఇళ్లలో దీపం ఆరిందని కూడా అనం, కొండెక్కింది అంటాం.

శ్రీకాళహస్తి అన్న:
తిరుపతిలో కొండెక్కడం ఎవరికి కొత్త సామీ? నడిచి ఎక్కేవాళ్లే వేలమంది.

నిర్వాహకుడు:
ఆర్పినవాడు స్పష్టం, అంతవరకు మార్కులు. శ్రీ–జే యతి కూడా చక్కగా పడింది. అయితే పిల్లాడు ఊదడం, వీధిలో స్విచ్చు వేయడం రెండూ ఒకే క్షణంలో జరిగాయంతే. కాకతాళీయంతో సమస్య తీరదు.

శ్రీకాళహస్తి అన్న:
ఇదిగో రెండోది. ఈసారి విరుపు చూడండి.

ఆపక హారను కొట్టుచు
మోపెడు నడ్డముగ నిలుపు మూర్ఖుల భటులే
యోపికఁ బలుకుచుఁ గోపో
ద్దీపము లార్పంగ వెలిఁగెఁ దిరుపతి వీధుల్

నాలుగుకాళ్ల మండపం దగ్గర పండగ రాత్రి బండి ఇరుక్కున్న వాళ్లకు ఈ పద్యం అర్థమవుతుంది.

పుత్తూరు అక్కయ్య:
మోపెడు ప్రాసలో కూర్చోవడం చూసి గట్టిగా నవ్వేశా. కోప, ఉద్దీపము, గుణసంధి. దీపాలే లేకుండా దీపాలు ఆర్పారు.

చంద్రగిరి మాస్టారు:
ఉద్దీపనం అన్నదే మనకు అలవాటు. అయినా ఉద్దీప శబ్దం సంస్కృతంలో ఉంది, ఆక్షేపించను. నా అభ్యంతరం వేరు. కోపం చల్లారితే వీధి శాంతించింది అనాలి. వెలగడం ఎందుకు? సమాసం దగ్గర చూపించిన తెలివి ‘వెలిఁగె’ దాకా రాలేదు.

శ్రీకాళహస్తి అన్న:
ట్రాఫిక్ కదిలితే బండ్ల హెడ్‌లైట్లు కదులుతాయి, వీధి వెలుగుతుంది!

చంద్రగిరి మాస్టారు:
అది పద్యంలో రాయాలి, వ్యాఖ్యలో కాదు.

రేణిగుంట లైటింగ్ అన్న:
నేను పద్యాలు రాయను సామీ, లైట్లు కడతాను. మీరందరూ దీపాలు ఆర్పడానికి గాలిని, పిల్లాణ్ణి, పోలీసుల్ని తెస్తున్నారు. మా పనిలో దీపాలు ఆర్పకుండా వీధే లేదు. బోర్డు మీద చక్రం తిరుగుతుంది కదా, అందులో ఒక్క బల్బు కూడా కదలదు. చుట్టూ ఉన్న బల్బుల్ని మూడు వరసలుగా వైరింగ్ చేస్తాం. ఒకటి, నాలుగు, ఏడు ఒక వరస. రెండు, ఐదు, ఎనిమిది ఇంకో వరస. మూడు, ఆరు, తొమ్మిది మూడోది. కంట్రోలర్ ఒక వరస ఆర్పి పక్కది వెలిగిస్తుంది, అది ఆర్పి ఆ పక్కది. చూసేవాడి కంటికి వెలుగు పరిగెత్తినట్టు ఉంటుంది. రెండు వరసలే ఇస్తే మిణుకుమిణుకుమంటుందే గానీ ఎటు తిరుగుతోందో తెలీదు. అన్నీ ఒకేసారి వెలిగించేస్తే చక్రం నిలబడిపోతుంది. మునుపు ఈ చిన్న బోర్డులు లేవు. మోటారుకు చెక్క రోలరు తగిలించి, దాని మీద రాగి రేకులు కొట్టేవాళ్లు. రేకు తగిలినంతసేపు వరస వెలుగుతుంది, రేకు దాటగానే ఆరుతుంది. బోర్డు వెనక్కి పోతే టకటకమని ఒకటే చప్పుడు. పిల్లలు ముందు గరుత్మంతుణ్ణి చూసి, తర్వాత వెనక్కొచ్చి ఆ రోలరు చూసేవాళ్లు.

నిర్వాహకుడు:
అన్నా, సమస్య ఇచ్చిన నాకే ఈ సంగతి తట్టలేదు. ఎవరైనా దీన్ని పద్యం చేయండి.

పుత్తూరు అక్కయ్య:
చేశా. ‘తాప’ అంటే మా వైపు ‘సారి’.

చూపుల ముందర చక్రము
రూపము దాల్చి తిరిగినటు రోడ్డు నడుమనే
తాపకు నొక్కొక్క వరుస
దీపము లార్పంగ వెలిఁగెఁ దిరుపతి వీధుల్

మదనపల్లె అబ్బాయి:
అక్కా, అదిరింది!

నిర్వాహకుడు:
ఈ వారానికి ఇదే. ఆర్పడం వల్లనే వెలగడం, ఇంకో మాటకు చోటు లేదు. రూ–రో యతి. రెండో పాదంలో ‘రోడ్డు నడుమనే’ బదులు ‘రుచిరముగానే’ వేసుంటే గణాలు కుదిరేవి, పద్యం మాత్రం పాతబడేది. రోడ్డే ఉంచండి.

చంద్రగిరి మాస్టారు:
తొందరపడకండి. మీ షరతు మీరే మరిచారు. ఆర్పినవాడు ఎక్కడ? శ్రీకాళహస్తి ఆయన్ని అడిగిన ప్రశ్న అక్కయ్యను అడగరా?

శ్రీకాళహస్తి అన్న:
అట్లా అడగండి మాస్టారూ! నాకొక న్యాయం, అక్కయ్యకొక న్యాయమా?

నిర్వాహకుడు:
ఆక్షేపణ సబబే. అక్కయ్యా, జవాబు చెప్పండి.

పుత్తూరు అక్కయ్య:
మూడో పాదం మారుస్తున్నా.

తాపకు యంత్ర మొక వరుస

తాపకు – భగణం, యంత్రమొ – భగణం, కవరుస – నలం. ఇప్పుడు ఆర్పింది యంత్రం. సరేనా?

చంద్రగిరి మాస్టారు:
సరే. ‘నొక్కొక్క’లో ఉన్న నడక కొంచెం పోయింది, అర్థం మాత్రం నిలబడింది. నేనైతే రెండో రూపమే తీసుకుంటా.

కొర్లగుంట తమ్ముడు:
నాకు మొదటిదే బాగుంది. ‘ఒక్కొక్క’ అంటుంటే ఆరడం వినబడుతోంది. యంత్రం అనగానే రైస్ మిల్లు గుర్తొస్తోంది.

రేణిగుంట లైటింగ్ అన్న:
మీరు ఏది తీసుకున్నా సరే. తిరగడం మాత్రం కుడివైపుకే తిరగాలని రాయండి. పోయినేడు మా కుర్రోడు రెండో వరస, మూడో వరస వైర్లు తారుమారుగా కలిపేశాడు. చక్రం ఎడమకు తిరిగింది. ఒక పెద్దాయన కింద నిలబడి అది మార్చేదాకా కదల్లేదు.

నిర్వాహకుడు:
యంత్రం ఉన్న రూపాన్నే ఎంపిక చేస్తున్నా, తమ్ముడి అసమ్మతిని నమోదు చేస్తూ. తమ్ముడి పద్యం దిద్దుబాటు తర్వాత రెండోది. వచ్చే వారానికి ఆటవెలది, చివరి పాదం ఇది:

నీరు లేని కోన నిండి పాఱె

తలకోన, కైలాసకోన జలపాతాలు చూసినవాళ్లు ముందుకు రండి. వాన పడిందని మాత్రం రాయకండి.