కోనసీమ పైపులు: వయసు చూసి మార్చాలా, మందం చూసి మార్చాలా?

కొబ్బరితోట:
మాది మామిడికుదురు దగ్గరే. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో 18 అంగుళాల గ్యాస్ పైపు పేలి 20 మందికి పైగా చనిపోయారు. మా తోట ఆ ఊరికి దూరమే అయినా, ఆ మంట ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. నేననేది ఒక్కటే. పదిహేనేళ్లు దాటిన పైపు ఏదైనా పీకేసి కొత్తది వేయాలి. కొలిచామండీ, బాగానే ఉందండీ అంటే ఇక నమ్మలేం.

గేజు పట్టిన చేయి:
కొబ్బరితోట గారూ, మాదీ రాజోలు వైపే. రిఫైనరీలో పైపుల మందం కొలిచే పనిలో 19 ఏళ్లుగా ఉన్నాను. మీ బాధ అర్థమవుతుంది, కానీ వయసు లెక్కతో ఒప్పుకోలేను. నగరం పైపు పొడి గ్యాస్ కోసం వేసింది, అందులో నీళ్లు తీయని తడి గ్యాస్ పంపారు. గ్యాస్‌లోని కార్బన్ డయాక్సైడ్ నీటిలో కలిస్తే ఆమ్లమవుతుంది. ఆ నీళ్లు పైపు అడుగున నిలిచి అక్కడే తినేస్తాయి. అదే గ్యాస్ కొత్త పైపులో పంపినా దానికీ అదే గతి. మన ఉప్పునేలలో బయటి తుప్పును ఆపడానికి కాథోడిక్ ప్రొటెక్షన్ (పైపుకు సన్నని కరెంటు) ఇస్తారు, లోపలి తుప్పును అది ఆపదు.

అలాగని కొలిస్తే చాలని కూడా అనను. ఎక్కడ కొలిచామన్నదే అసలు సంగతి. 2012 ఆగస్టు 6న అమెరికాలోని రిచ్‌మండ్ రిఫైనరీలో ఒక పైపు పగిలింది. వంపుల దగ్గర ఏళ్ల తరబడి కొలుస్తూనే వచ్చారు. పగిలింది మాత్రం 52 అంగుళాల తిన్నని ముక్క. దాని ఉక్కులో సిలికాన్ తక్కువ కాబట్టి వేడి నూనెలోని గంధకానికి ముందు అదే అరిగిపోయింది.

ఇంకో చిక్కు సగటుతో వస్తుంది. 9.5 మి.మీ. మందమున్న పైపు పదేళ్లలో 8.5కి వచ్చిందనుకోండి. ఏడాదికి 0.1 పోయినట్టు. కనీసం 5.5 ఉండాలంటే ఇంకా 30 ఏళ్లు ఉందనిపిస్తుంది. కానీ పోయిన ఆ 1 మి.మీ.లో 0.6 చివరి రెండేళ్లలోనే పోయి ఉంటే? మిగిలింది 10 ఏళ్లే. అందులో సగం గడవకముందే మళ్ళీ కొలవాలి. లోపల పారేది మారితే అంతవరకు కూడా ఆగకూడదు.

వరిచేను:
అన్నా, ఈ లెక్కలు నీకు తెలుసు. మా చేలో పైపు గుర్తు రాయి పాతి ఏళ్లయింది. అందులో ఏం పోతోందో ఇప్పటిదాకా ఒక్కరూ చెప్పలేదు. అడిగితే దొంగలు పైపుకు కన్నం వేస్తారని భయపెడతారు. మరి పైపు పక్కన పడుకునేది మేమే కదా?

గేజు పట్టిన చేయి:
తమ్ముడూ, ఈ మాటకు నా దగ్గర అడ్డు లేదు. వాల్వులు ఎక్కడున్నాయో ఊరికి చెప్పనక్కర్లేదు. పైపు మందం, అందులో పారేది చెప్పడానికి మాత్రం అభ్యంతరమేమీ ఉండకూడదు.

కొబ్బరితోట:
పాత పైపు మార్చాలన్న మాట నేను వదలను. కాకపోతే మార్చేలోపు ఆ రీడింగులు పంచాయతీలో ఉండాలి. గ్రామసభలో ఏం అడగాలో చెప్పండి.

గేజు పట్టిన చేయి:
మూడు అడగండి. ఇందులో పోయేది పొడి గ్యాసా, తడి గ్యాసా? లోపలికి పంపి మందం కొలిచే ఇంటెలిజెంట్ పిగ్ అనే పరికరాన్ని చివరిసారి ఎప్పుడు నడిపారు? అడుగు భాగంలో ఎంత మందం మిగిలింది? తేదీ చెప్పండి, సెలవు పెట్టి నేనూ వస్తాను.