అండమాన్‌లో గుడారంలో రెండు రాత్రులు: చెన్నై నుంచి తిండి ఏం తీసుకెళ్ళాలి?

ప్రశ్న:
నమస్కారం అండీ. మేం వేళచ్చేరిలో ఉంటాం. జనవరిలో ఇద్దరు పిల్లలతో అండమాన్ వెళ్తున్నాం. లాంగ్ ఐలాండ్‌లో లాలాజీ బే దగ్గర రెండు రాత్రులు గుడారంలో ఉండాలని ప్లాన్. టెంట్లు, అనుమతులు అక్కడివాళ్ళే చూసుకుంటారు, భోజనం మాత్రం మాదే. మా ఇంట్లో చేపలు తినరు. చిన్న గ్యాస్ స్టవ్, బియ్యం, కందిపప్పు పట్టుకెళ్దామని మావారు అంటున్నారు. మీరేమంటారు?

జవాబు:
స్టవ్ ఆలోచన మానుకోండమ్మా. గ్యాస్ డబ్బాని విమానంలో చేతి సంచిలోనూ ఒప్పుకోరు, చెక్-ఇన్‌లోనూ ఒప్పుకోరు. అగ్గిపెట్టె, లైటర్ కూడా అంతే. ట్రెక్కింగ్ షాపుల్లో అమ్మే ఇంధనం బిళ్ళలూ కుదరవు. అడవి పక్కన పుల్లలు ఏరి మంట వేద్దామనుకోవడం అసలు తగదు.

నిప్పు ఒక్కటే కాదు, నీళ్ళూ సమస్యే. తాగే నీళ్ళన్నీ ఊళ్ళోంచి మోసుకెళ్ళాలి, అడవి దారిన నడిచినా, డోంగీలో (చిన్న పడవలో) వెళ్ళినా. బియ్యం కడగడానికి, పప్పు ఉడకడానికి, గిన్నెలు తోమడానికి అయ్యే నీళ్ళు లెక్కేసుకోండి. అందుకే నిప్పు, నీళ్ళు తక్కువ అడిగే తిండి తీసుకెళ్ళమంటాను.

మందపాటి అటుకులు, పులిహోర పులుసు ఉంటే రెండు పూటలు గడిచిపోతాయి. చింతపండు గుజ్జులో నూనె, ఉప్పు, పసుపు, బెల్లం ముక్క వేసి, నూనె పైకి తేలేదాకా దగ్గరగా ఉడికించండి. పోపు కూడా అందులోనే కలిపేయండి. పచ్చిమిర్చి వద్దు, ఎండుమిర్చి చాలు. అక్కడికెళ్ళాక అటుకులు ఒకసారి తడిపి, నీళ్ళు వంపేసి, పది నిమిషాలు మూత పెట్టి, పులుసు కలిపితే అయిపోతుంది. వేయించిన వేరుశనగ గుళ్ళు మాత్రం తినేముందు వేయండి, ముందే వేస్తే మెత్తబడతాయి.

ఇంకొకరి జవాబు:
అక్కా, ఉప్మా రవ్వ కూడా చేసుకోవచ్చు. ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు నూనెలో కరకరలాడేలా వేయించి, అందులోనే రవ్వ కమ్మని వాసన వచ్చేదాకా వేయించండి. ఉల్లిపాయ వద్దు. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోయండి, వేడి మీద మూత పెడితే లోపల చెమ్మ పడుతుంది. బయల్దేరే ముందు ఊళ్ళో ఏదైనా హోటల్లో మరిగిన నీళ్ళు ఫ్లాస్కులో పోయించుకుంటే మొదటి రాత్రికి వేడివేడిగా తినొచ్చు.

అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. అత్తయ్య అన్నం పులిహోరే చేసిస్తానంటున్నారు. రెండో రోజుకు ఉంటుందా?

మొదట జవాబిచ్చినవారు:
ప్రయాణం రోజు తినేయండి, రెండో రోజుకు వద్దు. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. ఆ ఉక్కలో అవి పెరిగి విషం వదిలితే మళ్ళీ వేడి చేసినా పోదు. చింతపండు పులుపు కొంత ఆపుతుంది, కానీ పడవ ఎక్కాల్సిన పిల్లల కడుపుతో పందెం ఎందుకు? పెరుగన్నం సంగతీ అంతే.

కందిపొడి, నువ్వుల పొడి, మాగాయ, నెయ్యి అన్నీ చెక్-ఇన్‌లోనే పెట్టండి. చేతి సంచిలో పచ్చడి, నెయ్యి ఉంటే సెక్యూరిటీ దగ్గర ఆపేయొచ్చు. ఎండు కొబ్బరి మాత్రం చెక్-ఇన్‌లోనూ వద్దు. నూనె ఎక్కువ కాబట్టి దానంతటదే వేడెక్కి అంటుకునే సరుకుల కింద విమానయాన నిబంధనల్లో ఉంది. కొబ్బరి కారం చేసే అలవాటుంటే ఈసారికి ఆపండి. మామూలు టికెట్‌కి చాలావరకు 15 కిలోలే కదా, బియ్యం బరువు తప్పితే మీకే హాయి. అరటిపళ్ళు, కొబ్బరి బోండాలు, బిస్కెట్లు పోర్ట్ బ్లెయిర్‌లోనే కొనుక్కోండి. ఇప్పుడు దాని పేరు శ్రీ విజయపురం. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళి స్థిరపడిన మనవాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు, బజార్లో తెలుగులోనే అడగొచ్చు.

మరొకరు:
రంగట్ మీదుగా రోడ్డున వెళ్తుంటే ఒక మాట. జిర్కాటాంగ్ నుంచి కాన్వాయ్‌లో జరావాలనే ఆదిమ తెగవాళ్ళు ఉండే అడవి గుండా వెళ్తారు. అక్కడ బండి ఆపడం, వాళ్ళకు తిండి ఇవ్వడం చట్టరీత్యా నేరం. పిల్లలకు ముందే చెప్పండి, జాలిపడి కిటికీలోంచి బిస్కెట్ అందిస్తారు. బయటి జబ్బులు తట్టుకునే శక్తి వాళ్ళకు తక్కువ, మన తిండి వాళ్ళకు మేలు కాదు.

రాత్రి తిండి గుడారంలో పెట్టకండి. వాసనకి ఎలుకలు, చీమలు, శంఖు పీతలు వచ్చేస్తాయి. గట్టి మూత స్టీలు డబ్బాలు తీసుకెళ్ళండి, రంగనాథన్ వీధిలో కావలసినన్ని దొరుకుతాయి. వాటిని సంచిలో కట్టి కొమ్మకు వేలాడదీయండి. మడ అడవుల పక్కన, వాగు సముద్రంలో కలిసే చోట గిన్నెలు కడగొద్దు, అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్ళున్నాయి. కవర్లు, అరటి తొక్కలతో సహా చెత్తంతా వెనక్కి తెచ్చేయండి.

అడిగినవారు:
స్టవ్ మాట మావారు వదిలేశారు. చిన్నదానికి మూడేళ్ళు, రాత్రి పాలు లేకపోతే నిద్రపోదు. ఎలాగండీ?

మొదట జవాబిచ్చినవారు:
పాలపొడి చాలమ్మా. ఒక్కో పూటకు సరిపడా పొడి విడివిడిగా కట్టుకోండి, పెద్ద ప్యాకెట్ ఒకసారి విప్పితే ఆ గాలికి గడ్డ కడుతుంది. పాప అడిగినప్పుడే ఫ్లాస్కులోని కాచిన నీళ్ళతో కలపండి, తాగగా మిగిలితే పారబోయండి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు కూడా నాలుగు ఉంచుకోండి. లీటరు ప్యాకెట్ అయితే ఒక్కోటి లీటరు నీళ్ళలో కలుపుతారు, కలిపింది ఒక్క రోజే వాడాలి. లీటరు సీసా ఒకటి దానికోసం ఖాళీగా ఉంచుకుంటే కొలతకు ఇబ్బంది ఉండదు.