పోర్ట్‌బ్లెయిర్ వెళ్తున్నాం. జారవాల అడవి మీదుగా బారాటాంగ్ వెళ్లాలా, వద్దా?

గాజువాక:
సంక్రాంతి సెలవులకు అమ్మ, పిల్లలతో కలిసి పోర్ట్‌బ్లెయిర్ వెళ్తున్నాం (2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ మా ఇంట్లో ఇంకా పోర్ట్‌బ్లెయిరే). పిన్ని వాళ్లు జంగ్లీఘాట్‌లో ఉంటారు. సెల్యులార్ జైలు, హావ్‌లాక్, నీల్ చూశాక ఒక రోజు బారాటాంగ్ దీవి అని బాబాయి అప్పుడే కారు మాట్లాడేశారు. సున్నపురాయి గుహలు, మడ అడవిలో పడవ ప్రయాణం, బురద ఉబికే అగ్నిపర్వతం అని చెప్పేసరికి పిల్లలు ఎగిరి గంతేస్తున్నారు. కానీ ఆ రోడ్డు జారవాల రిజర్వ్‌లోంచి పోతుంది (జారవాలంటే ఆ అడవిలోనే వేటాడుకుంటూ బతికే ఆదివాసీలు, ఆ అడవి వాళ్లకే కేటాయించింది). మా ఆవిడ వద్దే వద్దంటోంది. "అంత దూరం వెళ్లి చూడకుండా వస్తామా" అని అమ్మ. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

విజయనగరం:
నిశ్చింతగా వెళ్లండి. తెల్లవారకముందే జిర్కటాంగ్ చెక్‌పోస్టు చేరాలి. అక్కడి నుంచి బండ్లన్నీ కాన్వాయ్‌గా, పోలీసుల కాపలాతో వెళ్తాయి. ఆగకూడదు, ఓవర్‌టేక్ చేయకూడదు, ఫొటో తీయకూడదు, తినేవి ఇవ్వకూడదు. సుప్రీంకోర్టు 2013 జనవరిలో టూరిస్టులను ఆపింది, మార్చిలో మళ్లీ వదిలింది. రూల్స్ పాటిస్తూ వెళ్తే తప్పేముంది?

సిక్కోలు:
గాజువాక గారూ, మీ ఆవిడ మాట వినండి.

నేను ఆ దారిన వెళ్లాను. జిర్కటాంగ్‌లో గేటు తెరిచేదాకా టీ కొట్ల దగ్గర జనం ఏం మాట్లాడుకుంటారో మీరే వినండి. గుహల గురించి ఎవరూ అడగరు. "కనిపిస్తారా? ఏ టైములో వస్తారు?" ఇదే అందరి ప్రశ్న. లోపలికి వెళ్లాక రోడ్డు పక్కన ఒక తల్లి, చంకలో బిడ్డతో నడిచి పోతోంది. మా బండిలో ఉన్న ప్రతి మొహమూ అద్దానికి అతుక్కుపోయింది. డ్రైవర్ వేగం తగ్గించాడు. ఫోన్ ఎవరూ బయటికి తీయలేదు, అంటే రూలు తప్పలేదు. ఆవిడ మాత్రం మా వైపు చూడకుండా బిడ్డను అవతలి చంకకు మార్చుకుంది. పిల్లలకు అది చూపించడానికా మనం వెళ్లేది?

ఆ రోడ్డు చరిత్ర కూడా తెలుసుకోండి. 1970లలో అడవిని చీల్చుకుంటూ వేస్తుంటే జారవాలు బాణాలతో ఎదిరించారు. రెండు వైపులా ప్రాణాలు పోయాయి. 1997 చివర్లో గానీ వాళ్లంతట వాళ్లు బయటికి రావడం మొదలుపెట్టలేదు. రెండేళ్లు తిరక్కుండానే వాళ్లలో తట్టు వ్యాపించింది. గ్రేట్ అండమానీలు అనే ఇంకో ఆదివాసీ తెగకు ఏమైందో తెలుసుగా? 1858లో బ్రిటిష్‌వాళ్లు వచ్చి స్థిరపడేనాటికి వేలల్లో ఉన్నవాళ్లు, రోగాలతో రాలిపోయి ఇప్పుడు పదుల్లో మిగిలారు. జారవాలు ఇప్పటికీ కొన్ని వందల మందే.

2002లోనే సుప్రీంకోర్టు రిజర్వ్‌లో పడే ఈ రోడ్డు భాగాన్ని మూసేయమంది. అది అమలు కాలేదు. 2012లో జారవా ఆడపిల్లలను టూరిస్టుల ముందు డాన్స్ చేయించిన వీడియో బయటికి వచ్చి దేశమంతా తలదించుకుంది. అప్పుడు కూడా కాన్వాయ్ ఉంది, రూల్స్ కూడా ఉన్నాయి.

విజయనగరం:
మీరు చూసొచ్చి మమ్మల్ని వద్దంటే ఎలా అండీ? ఆ రోడ్డు మీద లారీలు, బస్సులు రోజూ తిరుగుతూనే ఉన్నాయి. ఒక్క కారు తగ్గితే ఏం మారుతుంది?

సిక్కోలు:
చూసొచ్చాను కాబట్టే చెబుతున్నాను. లారీ డ్రైవర్‌కు సరుకు చేర్చే పని ఉంది. సీజన్‌లో పొద్దున్నే ఆ క్యూలో ఉండే కార్లలో అత్యధికం సాయంత్రానికి వెనక్కి వచ్చేవే. వాటికి ఆ దారిన పోవలసిన అవసరం లేదు.

రంగత్ వదిన:
నేను ఇక్కడే, ఆ రోడ్డు మీద బారాటాంగ్ దాటాక వచ్చే రంగత్‌లో పుట్టి పెరిగాను, మావాళ్లది శ్రీకాకుళం జిల్లా. రోడ్డు మూసేయాలని మెయిన్‌ల్యాండ్‌లో కూర్చుని అనడం తేలిక. రాత్రివేళ నొప్పులొస్తే పోర్ట్‌బ్లెయిర్ పెద్దాసుపత్రికి ఏ దారిన పోవాలి? మా కూరగాయలు, గ్యాస్ ఏ దారిన రావాలి? ఓడలు రోజూ ఉండవు, గాలివాన పట్టిందంటే అసలే ఉండవు. బారాటాంగ్‌లో పడవ నడిపేవాళ్ల సంగతి కూడా ఆలోచించండి. వాళ్ల తాతలను రాంచీ వైపు నుంచి అడవి పనులకు తీసుకొచ్చి ఇక్కడే వదిలేశారు. ఇప్పుడు ఆ గుహలకొచ్చే జనమే వాళ్ల ఇంటి పొయ్యి వెలిగిస్తున్నారు.

సిక్కోలు:
వదినా, మీ రోడ్డు మూసేయాలని నేను అనను. ఆసుపత్రికీ సరుకులకీ అది ఉండాల్సిందే. చూడ్డానికొచ్చే మా కార్లు ఆగాలి అంటున్నాను. పడవలవాళ్ల సంగతి నిజం, దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. టూరిస్టులను సముద్రం మీదుగా బారాటాంగ్ చేర్చే ఏర్పాటు గట్టిగా ఉంటే రెండూ నిలబడేవి.

రంగత్ వదిన:
ఆ ముక్క ఒప్పుకుంటాను. మేము పెళ్లికో చావుకో పోతుంటే బస్సులో ఎవరూ కిటికీకి అతుక్కోరు.

గాజువాక తమ్ముడూ, ఓడలో రంగత్ రండి. ఫీనిక్స్ బే జెట్టీలో ఎక్కాలి. మడ అడవి కావాలంటే మాకు ధనీనల్లా ఉంది. మడచెట్ల మధ్యలోంచి చెక్కదారి మీద నడుచుకుంటూ పోతే ఏకంగా బీచ్‌లో తేలతారు. జనవరిలో తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఆ ఒడ్డుకు వస్తాయి. అటవీశాఖవాళ్లు గుడ్లను కంచెలో పెట్టి కాపాడతారు. గుహలు మాత్రం మా దగ్గర లేవు, ముందే చెబుతున్నా.

గాజువాక:
ధన్యవాదాలు వదినా. తాబేళ్లు అనగానే చిన్నది గుహలు మర్చిపోయింది. బాబాయికే కాస్త కష్టంగా ఉంది, కారుకు అడ్వాన్స్ ఇచ్చేశారట. ఇంకో టెన్షన్ అమ్మ గురించి. ఆవిడకు సముద్రం పడదు.

రంగత్ వదిన:
జనవరిలో సముద్రం మామూలుగా నెమ్మదిగానే ఉంటుంది, జూన్ నుంచే దాని అసలు రూపం. అమ్మను ఖాళీ కడుపుతో ఎక్కించకండి, ఇడ్లీ తినిపించి గాలి తగిలే చోట కూర్చోబెట్టండి. టికెట్ సంగతి పిన్నినే అడగండి, ఇక్కడివాళ్ల చార్జీ వేరు, మీది వేరు. ఏ రోజు ఓడ ఉందో తెలుసుకున్నాకే తిరుగు ప్రయాణం బుక్ చేసుకోండి.