కాజీపేటనా, హన్మకొండ బస్టాండా, వరంగల్ స్టేషనా: దగ్గర్ల ఉంటే కిరాయి గిట్టుబాటైతదా?

చెరువుకట్ట_వడ్డేపల్లి: ఇంట్లో ఒకరికి వారానికి మూడు రోజులు హైదరాబాద్ ఆఫీసు, ఒకరికి జమ్మికుంటలో టీచర్ ఉద్యోగం, పాపకు కాకతీయ యూనివర్సిటీ (కేయూ)లో డిగ్రీ. ఇప్పుడు రెండు బండ్లున్నయి. స్టేషన్‌కు నడిచిపోయేటంత దగ్గర్ల ఇల్లు తీసుకుంటే కిరాయి నెలకు 3,000 ఎక్కువ. ఒక బండి అమ్మితే సరిపోతదా?

పుష్‌పుల్_ప్యాసింజర్: ముందు ఏ స్టేషనో తేల్చుకోండి. జమ్మికుంట, పెద్దపల్లి, మంచిర్యాల లైను కాజీపేట దగ్గరే చీలుతది. సికింద్రాబాద్ నుంచి కాగజ్‌నగర్ పోయే భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ వరంగల్ స్టేషన్‌కు రాదు. చెన్నై-ఢిల్లీ బండ్లేమో వరంగల్‌లో ఆగి, కాజీపేటలోకి రాకుండనే పైకి పోతయి. మీ ఇంటి లెక్కకు కాజీపేటే. వరంగల్ స్టేషన్ ముంగట ఇల్లు తీసుకుంటే జమ్మికుంట పోయే చాలా బండ్లకు ఆటో ఎక్కి కాజీపేట పోవాల్సిందే.

హైదరాబాద్‌కు సీజన్ పాసు తీసుకోండి. 150 కిలోమీటర్ల దాకా ఇస్తరు, వరంగల్ నుంచి సికింద్రాబాద్ అందులోనే వస్తది. వారానికి మూడు రోజులైనా టికెట్ల కంటే పాసే చవక. మూడు నెలలది నెల పాసుకు 2.7 రెట్లు. సూపర్‌ఫాస్ట్ ఎక్కాలంటే దాని సర్‌చార్జి ముందే కట్టి ఉండాలె. రైల్‌వన్ యాప్‌లో కొత్త పాసు తీస్తే మర్నాటి నుంచి చెల్లుతది, సోమవారం పొద్దున తీసి అదే రోజు ఎక్కుదామంటే కుదరదు.

చెరువుకట్ట_వడ్డేపల్లి: పాసుతోటి డీ బోగీలో కూర్చోవచ్చా అన్నా?

పుష్‌పుల్_ప్యాసింజర్: వద్దు. అది రిజర్వేషన్ బోగీ. టీసీ పట్టుకుంటే చార్జీ, దాని మీద తక్కువలో తక్కువ 250 జరిమానా. జనరల్‌లనే ఎక్కాలె. ఇంకోటి, కొన్ని బండ్లు ఇప్పుడు సికింద్రాబాద్ కాకుండ చర్లపల్లిలో ఆపేస్తున్నరు. అక్కడ మెట్రో లేదు. సికింద్రాబాద్‌లో దిగితే ఈస్ట్ మెట్రో స్టేషన్ నుంచి రాయదుర్గం దాకా ఒకటే లైను. ఆఫీసు హైటెక్ సిటీ అయితే ఈ తేడానే రోజుకు గంట తింటది.

జీరో_టికెట్: టీచరమ్మకు రైలెందుకు? 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడోళ్లకు ఉచితమే కదా. హన్మకొండలో కరీంనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి హుజురాబాద్‌లో దిగి జమ్మికుంటకు మారొచ్చు. మారేచోట టైం పోతది, అది ఒప్పుకోవాలె. డీలక్స్, సూపర్ లగ్జరీ, రాజధానిలల్ల మాత్రం పూర్తి చార్జీ. బోర్డు చూడకుండ ఎక్కితే కండక్టర్‌తోటి లొల్లే. తెలంగాణ చిరునామా ఉన్న అసలు గుర్తింపు కార్డు చూపాలె, జిరాక్స్ నడవదు. పైసలు కట్టేది లేకున్నా జీరో టికెట్ కొట్టించుకోవాల్సిందే.

పాప కేయూకు కూడా బస్సే. అందుకే నేనైతే స్టేషన్ కంటే హన్మకొండ బస్టాండ్‌కు దగ్గర్ల, బాలసముద్రం, నక్కలగుట్ట వైపు చూడమంట.

లెక్కల_పంతులు: ఇద్దరు చెప్పిందీ నిజమే, పైసల లెక్క మాత్రం ఎవరూ తీయలేదు. స్కూటర్ నెలకు 500 కిలోమీటర్లు, లీటరుకు 45 ఇస్తదనుకోండి. పదకొండు లీటర్ల పైన, పెట్రోల్ లీటరు 107 అనుకుంటే దాదాపు 1,190. సర్వీసింగు, టైర్లు, ఇన్సూరెన్సుకు నెలకు 500 పక్కన పెట్టండి. లక్ష పెట్టి కొన్న బండి పదేండ్లు నడిస్తే నెలకు ఇంకో 830. మొత్తం 2,520. అంటే ఒక్క బండి అమ్మితే 3,000 కిరాయి పూడదు.

పూడ్చేది ఆటో ఖర్చు. తెల్లారక ముందు, రాత్రి పొద్దుపోయినంక షేరింగ్ ఆటోలుండవు, స్పెషల్ మాట్లాడుకోవాలె. ఒక్కదిక్కు 150 అనుకున్నా నెలకు పన్నెండు రోజులకు 3,600. ఇది తప్పించుకుందామని బండి తీసుకపోయి స్టేషన్ పార్కింగ్ స్టాండులో పెడితే పొద్దంత అక్కడే ఉంటది, ఇంట్లోవాళ్లకు అక్కరకు రాదు. చాలా ఇండ్లల్ల రెండో బండి కొనిపించేది ఈ స్టాండే.

అయితే ఇది స్టేషన్‌కు నడిచిపోయే ఇంటికే. బాలసముద్రంలో ఉండి కాజీపేటల రైలెక్కితే ఆటో మళ్లీ మొదలు. రైలు మనిషి ఆఫీసు మూడు రోజుల నుంచి ఒక్క రోజుకు తగ్గితే మాత్రం బస్టాండ్ వైపే మేలు, ఆ ఒక్క రోజు ఉప్పల్ బస్సు ఎక్కి అక్కడ మెట్రో అందుకోవచ్చు.

ఫాతిమానగర్_బ్రిడ్జి: ఇల్లు చూసేటప్పుడు మ్యాపుల గీత చూసి దూరం అనుకోవద్దు. పట్టాలకు అవతల ఉంటే బ్రిడ్జి ఎక్కి చుట్టు తిరిగి రావాలె, అరకిలోమీటరు ఒకటిన్నర అయితది. వరంగల్‌లో శివనగర్ దిక్కయితే అండర్ బ్రిడ్జి కింద వానకు నీళ్లు నిలిచేది కూడా చూసుకోండి. అడ్వాన్స్ ఇచ్చేముందు రాత్రి తొమ్మిది తర్వాత ఒకసారి స్టేషన్ నుంచి ఇంటిదాకా నడవండి. లైట్లు లేని సందైతే టీచరమ్మ, పాప ఎట్లాగూ నడవరు, ఆటోనే ఎక్కుతరు. అప్పుడు ఆ 3,000 ఊకె ఇచ్చినట్టే.

చెరువుకట్ట_వడ్డేపల్లి: కాజీపేటలో బస్సు ఎక్కితే పాపకు కేయూ దాకా నేరుగా ఉంటదా?

జీరో_టికెట్: హన్మకొండ చౌరస్తాలో మారేటట్టే లెక్కేసుకోండి. ఫస్ట్ అవర్ క్లాసుంటే అరగంట ముందే బయలెల్లాలె.