దూరం నుంచి వినిపించే గంట: తెల్లారుజామున ఖంగుమంటుంది, మధ్యాహ్నం అసలు వినపడదు. ఎందుకని?

వేకువగాలి అడిగిన ప్రశ్న:

మా ఇంటికి రెండు గంటలు వినిపిస్తాయి. ఒకటి గడియార స్తంభానిది, కిలోమీటరున్నర దూరం, గంట గంటకీ మోటారు సుత్తి కొడుతుంది. రెండోది ఎక్కడిదో ఇప్పటికీ తేలలేదు. తెలిసినవాళ్ళు నా సందేహాలు తీర్చాలి.

గడియారం గంట పొద్దున 5కి పక్క గదిలో కొట్టినట్టుంటుంది, మధ్యాహ్నం 2కి చెవులు రిక్కించినా లేదు. కొట్టేది అదే సుత్తి కదా? ఇంకొకటి, స్తంభం కింద నిలబడి వింటే స్వరం పైన ఉంటుంది. ఇంటి నుంచి వింటే అదే గంట ఒక స్థాయి కిందికి దిగినట్టు ఉంటుంది. చివర్లో నాదం పెరుగుతూ తరుగుతూ ఊగుతుంది కూడా, గంట ఎక్కడైనా చీలిందా? ఇక రెండోది అసలు గంటేనా, స్పీకరులో వేసే రికార్డా? ఎటు నుంచి వస్తోందో పట్టుకునే పద్ధతి ఏదైనా ఉందా?

---

గాలివాటం:

మొదటి దానికి నేను చెప్తాను. పగలు రొద ఎక్కువ కాబట్టి వినపడదు అని అందరూ అనేస్తారు. అది సగమే నిజం. అసలు సంగతి గాలి పొరల్లో ఉంది.

శబ్దం వేడి గాలిలో వేగంగా, చల్లగాలిలో నెమ్మదిగా పోతుంది. 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు, ఒక్కో డిగ్రీకి దాదాపు 0.6 మీటరు తేడా. ఎండ వేళ నేల కాలి, నేలను అంటుకున్న గాలి వేడిగా, పైగాలి చల్లగా ఉంటుంది. అప్పుడు శబ్దం పైకి వంగుతుంది. కొంత దూరం దాటాక నేల మీద ఉన్నవాళ్ళ తల మీదుగా ఎగిరిపోతుంది, మనం శబ్దపు నీడలో ఉండిపోతాం. రాత్రంతా నేల చల్లారాక వరస తిరగబడుతుంది. కింద చల్లగాలి, పైన వెచ్చని గాలి. పైకి పోయిన శబ్దం కూడా వంగి మళ్ళీ కిందికే దిగుతుంది. కిలోమీటరున్నర అవతలి గంట గదిలోకి వచ్చేది అందుకే.

ఈ వరస ఉందో లేదో ఏ పరికరం లేకుండానే చూడొచ్చు. వేకువన ఎక్కడైనా పొగ లేస్తుంటే గమనించండి. కొంచెం లేచి అడ్డంగా పట్టీలా పరుచుకుంటే ఆ రోజు గంట బాగా వినిపిస్తుంది. సుళ్ళు తిరుగుతూ చెదిరిపోతుంటే వినపడదు. రాత్రంతా మబ్బు కప్పినా, గాలి బలంగా వీచినా పొరలు ఏర్పడవు. అలాంటి తెల్లారుజాముల్లో మీ గంట మామూలు కంటే పలచగా ఉంటుంది, చూసుకోండి.

గాలి శబ్దాన్ని మోసుకొస్తుందనే మాట కూడా సరి చేయాలి. సెకనుకు 5 మీటర్ల గాలి 343 ముందు ఎంత? ఒకటిన్నర శాతం. మోసేదేమీ లేదు. కానీ నేల దగ్గర గాలి మెల్లగా, ఎత్తున వేగంగా వీస్తుంది కాబట్టి, గంట వైపు నుంచి మన వైపు వీచే గాలిలో శబ్దం కిందికి వంగుతుంది, ఎదురుగాలిలో పైకి వంగుతుంది. పని చేసేది ఆ తేడానే.

---

కంచుపోత:

స్థాయి దిగినట్టు ఉండటం మీ చెవి భ్రమ కాదు. అలాగని గంట స్వరం మారిందనీ కాదు.

అంచు బయటికి విచ్చుకున్న పెద్ద గంటలో ఒక్క దెబ్బకి ఎన్నో స్వరాలు పుడతాయి. శృతి చేసిన గంటలో వాటి వరస సంగీతం వచ్చినవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. దెబ్బ స్వరాన్ని (దెబ్బ పడగానే చెవికి తోచే స్వరం) మధ్యస్థాయి షడ్జమం అనుకుంటే, కింద మంద్ర షడ్జమం ఒకటి, షడ్జమం మీద ఒకటి, దాని పైన సాధారణ గాంధారం, పంచమం, తార షడ్జమం, తార పంచమం, ఆ పైన అతితార షడ్జమం. అంకెల్లో 0.5, 1, 1.2, 1.5, 2, 3, 4. గంట నాదంలో ఉండే ఆ దిగులు ఛాయ 1.2 దగ్గరి సాధారణ గాంధారానిదే.

ఇక్కడ తమాషా ఉంది. మనకు వినిపించే దెబ్బ స్వరాన్ని చెవి ప్రధానంగా 2, 3, 4 రెట్ల పై స్వరాల నుంచి కట్టుకుంటుంది. 1 దగ్గర ఉన్న స్వరాన్ని ఆ గంట శృతి తప్పి పలికినా దెబ్బ స్వరం మాత్రం పై వాటినే అనుసరిస్తుంది. అంటే పై స్వరాలు చెవిదాకా చేరితేనే ఆ భావన నిలుస్తుంది.

గాలి సరిగ్గా ఆ పై స్వరాలనే మింగుతుంది. 20 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్నప్పుడు కిలోమీటరుకు గాలి మింగేది 250 హెర్ట్జ్ దగ్గర 1 డెసిబెల్, 1000 దగ్గర 5, 2000 దగ్గర 9, 4000 దగ్గర 23. దూరం రెట్టింపయిన ప్రతిసారీ అన్ని స్వరాలకీ తగ్గే 6 డెసిబెళ్ళు వేరు. మీ గంట దెబ్బ స్వరం 440 అనుకుందాం, అలాంటి గంట బరువు అటూఇటూగా అర టన్ను. దాని 1760 హెర్ట్జ్ స్వరం కిలోమీటరున్నరలో గాలికే 12 డెసిబెళ్ళు పోగొట్టుకుంటుంది. 220 దగ్గరి మంద్రానికి ఒకటిన్నర మించి పోదు. పైగా అన్నిటికంటే ఎక్కువ సేపు మోగేది ఆ మంద్రమే. కాబట్టి స్తంభం కింద మీరు 440 వింటారు, ఇంట్లో 220 వింటారు. రెండూ ఆ గంటలోనివే.

చిన్న గంటలు ఎక్కువ దూరం పోకపోవడానికీ ఇదే కారణం. ఒకే ఆకారంలో కొలతలన్నీ సగానికి తగ్గిస్తే స్వరం ఒక స్థాయి పెరుగుతుంది, బరువు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. జానెడు గంట స్వరాలు వేల హెర్ట్జ్‌లో ఉంటాయి. దగ్గర చెవులు గింగురుమంటాయి, నాలుగు వీధుల అవతల ఏమీ ఉండదు.

పై వరస ఈ ఆకారం గంటలకే. గిన్నెలాంటివి, పీపాలాంటివి అయితే లెక్క వేరు. ఈ ఆకారంలోనైనా పాత పోతల్లో వరస సరిగ్గా ఉండదు. స్వరాలను ఒక్కొక్కటిగా సవరించే పని 17వ శతాబ్దంలో నెదర్లాండ్స్‌లో పనిచేసిన గంటకారులు హెమోనీ సోదరులు నిలబెట్టారు. 1644లో అక్కడి జుట్ఫెన్ పట్టణంలో వాళ్ళు పెట్టిన గంటల వరసే దానికి మొదటి పెద్ద ఉదాహరణ. లోపలి గోడను లేతు మీద కొద్దికొద్దిగా చెక్కుతారు, చెక్కితే స్వరం దిగుతుంది. ఎక్కువ చెక్కేస్తే మళ్ళీ పైకి తెచ్చే దారి లేదు.

---

రాగిపాత్ర:

ఊగుతోందంటే చీలిక వచ్చినట్టే. కొట్టడం ఆపమని చెప్పండి.

---

కంచుపోత:

@రాగిపాత్ర గారూ, కాదండీ. చీలిన గంట ఊగదు, చస్తుంది. దెబ్బ డబ్బా కొట్టినట్టు ఉంటుంది, జరజరమనే రొద వస్తుంది, నాదం మధ్యలోనే తెగిపోతుంది. వీరు చెప్పేది చివరిదాకా సాగే నాదంలో ఊపు.

అది గంట గుండ్రనంలో తేడా వల్ల వస్తుంది. పోతలో ఒక పక్క గోడ వెంట్రుకవాసి మందమైనా చాలు, ఒక్కో స్వరం రెండుగా చీలుతుంది. 220, 221 రెండూ కలిసి మోగితే సెకనుకోసారి నాదం ఉబ్బి తగ్గుతుంది. తేడా అర హెర్ట్జ్ అయితే రెండు సెకన్లకోసారి. ఇది రోగం కాదు. కొరియాలో 771లో పోసిన సాంగ్‌డాక్ రాజు గంట, 18.9 టన్నులది, దాని మంద్రం దాదాపు 64 హెర్ట్జ్ దగ్గర సుమారు 3 సెకన్లకోసారి ఇలాగే ఊగుతుంది. దాని పేరుప్రతిష్ఠల్లో ఆ ఊపుకీ వాటా ఉంది.

ఊపు నచ్చకపోతే సుత్తి తగిలే చోటు మార్చాలి. మంద్రంలోని జంట స్వరాలు గంట చుట్టూ ఒకదానికొకటి 45 డిగ్రీల ఎడంలో కూర్చుంటాయి. ఒకటి అసలు కదలని గీత మీద కొడితే రెండోదొక్కటే మోగుతుంది, ఊపు పోతుంది. సరిగ్గా మధ్యలో, 22.5 డిగ్రీల దగ్గర కొడితే ఊపు అన్నిటికంటే ఎక్కువ. రబ్బరు సుత్తితో అంచు చుట్టూ మెల్లగా తడుతూ వెళ్తే ఆ చోట్లు దొరుకుతాయి.

---

సుత్తిదెబ్బ:

చీలిక మాట వచ్చింది కాబట్టి, గోపురం ఎక్కే వీలున్నవాళ్ళు చూడాల్సింది సుత్తి ఎడం. కొట్టాక సుత్తి స్ప్రింగు బలంతో వెంటనే వెనక్కి లేవాలి, గంటకీ దానికీ మధ్య కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి. స్ప్రింగు అలసిపోతే సుత్తి గంట మీదే వాలి ఉంటుంది. అప్పుడు దెబ్బ వెంబడే చిర్రుమని నాదం నొక్కుకుపోతుంది. వినేవాళ్ళు గంట పాడయిందనుకుంటారు, పాడయింది స్ప్రింగు. అలాగే వదిలేస్తే మాత్రం గంటే పోతుంది. కంచు గంటలో నూటికి 20 నుంచి 23 పాళ్ళు తగరం, ఆ పాళ్ళే దానికి నాదాన్నీ ఇస్తాయి, పెళుసుదనాన్నీ ఇస్తాయి. నాలుకకు తాడు కట్టి లాగి కొట్టే అలవాటు ఇదే కారణంగా ప్రమాదం. లాగిన చెయ్యి వదలకపోతే నాలుక అంచుకి అదిమి ఉండిపోతుంది.

బరువు మించిన సుత్తి ఏం చేస్తుందో లండన్ బిగ్ బెన్ చెప్తుంది. 13.7 టన్నుల గంట 1859లో మోగడం మొదలైన రెండు నెలలకే చీలింది. తర్వాత గంటను కొంత తిప్పి, తేలిక సుత్తి పెట్టి, చీలిక పాకకుండా అక్కడ చిన్న చదరం చెక్కారు. ఇవాళ్టికీ ఆ చీలికతోనే మోగుతోంది.

---

దిక్సూచి:

ఇక రెండో గంట. ముందు దిక్కు. ఇంట్లోంచి వింటే ఏ కిటికీ తెరిచి ఉంటే అటు నుంచే వస్తున్నట్టు ఉంటుంది, కాబట్టి మేడ మీదికి వెళ్ళండి. సాగే నాదాన్ని బట్టి దిక్కు తేల్చకండి, చెవికి అది చేతకాదు. దెబ్బ పడిన క్షణంలో వచ్చే టంగు ఒక్కదాన్నే పట్టుకోండి. ఎదురుగా ఎత్తయిన గోడ ఉంటే అది కూడా గంటలాగే పలుకుతుంది. దారికి అడ్డంగా భవనం ఉన్నప్పుడు గోడ నుంచి వచ్చేదే గట్టిగా ఉండి మోసం చేస్తుంది.

ఫోను దిక్సూచితో ఒక చోట కోణం రాసుకోండి (ఇనుప రెయిలింగుకి దూరంగా). తర్వాత పక్కకి కనీసం మూడు నాలుగు వందల మీటర్లు జరిగి మరో కోణం తీసుకుని, రెండు గీతలూ మ్యాపు మీద గీయండి. 10 డిగ్రీల పొరపాటు కిలోమీటరు దూరంలో 175 మీటర్ల తప్పు అవుతుంది. అందుకని మూడో చోటు నుంచి కూడా తీసుకుంటే మంచిది. కనిపెట్టాక దూరం సరిచూడాలంటే, గంట దగ్గర ఒకరు దెబ్బకి టార్చి వెలిగిస్తే లెక్క తేలిక, 3 సెకన్లకి కిలోమీటరు. ఫోను కాల్ పెట్టుకుని మాత్రం కొలవకండి. కాల్‌లో 0.3 సెకను ఆలస్యమున్నా 100 మీటర్లు తేడా కొడుతుంది.

నిజం గంటా కాదా అనేదానికి రికార్డు చేయండి. ఫోనులోని మామూలు వాయిస్ రికార్డర్ వద్దు. రొద తగ్గించే సదుపాయం సాగే నాదాన్ని రొద అనుకుని కోసేస్తుంది. దాన్ని ఆపగలిగే యాప్ తీసుకుని స్పెక్ట్రోగ్రామ్‌లో (ఏ స్వరం ఎంతసేపు మోగిందో గీతలుగా చూపే బొమ్మ) చూడండి. సెకనుకు 44100 శాంపిళ్ళ రికార్డుకి 8192 శాంపిళ్ళ కిటికీ (ఒక్కోసారి లెక్కలోకి తీసుకునే ముక్క) పెడితే 5 హెర్ట్జ్ తేడాలు కనిపిస్తాయి. మంద్రం గీత చివరిదాకా నిలిస్తే గంటే అయ్యుండొచ్చు. 300 కింద ఏమీ లేకుండా పైన మాత్రం గీతలుంటే హార్న్ స్పీకరు అయ్యుండొచ్చు, అది కింది స్వరాలు పలకలేదు. ఇంకా గట్టి పరీక్ష, వరస దెబ్బల్లో రెండింటిని ఒకదాని మీద ఒకటి పెట్టడం. నిజమైన గంటలో రెండో దెబ్బ అప్పటికే అదురుతున్న లోహం మీద పడుతుంది కాబట్టి రెండూ ఎన్నడూ అచ్చు గుద్దినట్టు కలవవు. ఒకే దెబ్బ రికార్డును మళ్ళీ మళ్ళీ వేస్తే కలుస్తాయి. దెబ్బల మధ్య వ్యవధి సమానంగా ఉందని మాత్రం రికార్డు అనేయకండి, మోటారు సుత్తికీ అంతే. ఊగే గంటకు తన బరువునూ ఆకారాన్నీ బట్టి ఒక నడక ఉంటుంది, మనం తొందరపెట్టలేం. అలాంటివి రెండు కలిసి మోగితే దెబ్బలు దగ్గరవుతూ విడిపోతూ ఉంటాయి.

---

వేకువగాలి:

అందరికీ ధన్యవాదాలు. పరీక్ష పెట్టి చూశాను, రెండోదాంట్లో 300 కింద ఖాళీ. మొదటి దెబ్బకి ముందు చిన్న టిక్కు కూడా ఉంది. స్పీకరే. ఇంకొక్కటి. గడియార స్తంభం పక్కనే ఉండేవాళ్ళు నిద్ర పట్టడం లేదంటున్నారు. గంట ఆపకుండా ఏమైనా చేయొచ్చా?

---

సుత్తిదెబ్బ:

చేయొచ్చు. ముందు రాత్రి వేళ టైమరుతో ఆపడం, ఖర్చు లేనిది. తర్వాత సుత్తి లేచే ఎత్తు. సగానికి తగ్గిస్తే 3 డెసిబెళ్ళు తగ్గుతాయి, అంతకంటే ఆశించకండి. సుత్తి మొహానికి తోలో నైలానో వేస్తే టంగు మెత్తబడుతుంది, పక్కింటివాళ్ళని నిద్ర లేపేది ఆ టంగే. అది అరుగుతుంది, అప్పుడప్పుడు మార్చాలి.

ఎక్కువ ఫలితం గోపురం కిటికీలతో వస్తుంది. చాలా గోపురాల్లో కిటికీ పలకలు కిందికి వాలి ఉంటాయి, వాన రాకుండా. అవి శబ్దాన్ని నేరుగా పక్క ఇళ్ళ మీదికి దింపుతాయి. లోపలి వైపు నుంచి మందపాటి చెక్కతో కిటికీలను కింది నుంచి మూడింట రెండు వంతులు మూసి, సందులన్నీ బిగించి, పై భాగం వదిలేయాలి. శబ్దం ఎత్తు నుంచి బయటపడి దగ్గరి ఇళ్ళ మీదుగా పోతుంది, దూరానికి మాత్రం మామూలుగానే చేరుతుంది. పలుచని ప్లైవుడ్ ఒక్క పొర వేస్తే అదే అదురుతుంది. రెండు పొరలు వేసి మధ్య ఖాళీ ఉంచండి, గాలి ఆడే దారి మూయకండి. తేమ నిలిస్తే గంట తగిలించిన ఇనుప బోల్టులు ముందు తుప్పు పడతాయి.