ఎండెన్ కాదు, ఎమ్డెన్

మాంబళం: చెన్నైలో గట్టివాణ్ణి ‘వాడొక ఎమ్డెన్’ అంటారు కదా. మొదటి ప్రపంచయుద్ధంలో ఆ పేరున్న జర్మన్ యుద్ధనౌక వల్ల వచ్చిన మాట అది. ఆ ఓడ కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్ మీద తెలుగు సంచికలో ఒక వ్యాసం వస్తోంది. ఎండెన్ అని రాయాలా, ఎమ్డెన్ అనా? ‘ముల్లర్‌ను చెరపట్టారు’ అన్న వాక్యం ఉంచవచ్చా?

పెరంబూరు: సున్న వద్దు. డకారం ముందు సున్న ణకారంలా పలుకుతుంది. ఎండ, కొండ, పండు చూడండి. టైపులో మ, పొల్లు, డ వరసగా కొడితే ‘మ్డ’ వస్తుంది. ఓడకు ఎమ్డెన్, మనిషిని అనేటప్పుడు తమిళ ఉచ్చారణను బట్టి ఎమ్డన్. రెండూ కలిపేయకండి.

రాయపురం: అర్థం ‘దుర్మార్గుడు’ అని మాత్రం ఇవ్వకండి, అన్యాయం. 1914 సెప్టెంబరు 22 రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో మద్రాసు మీద సుమారు 130 ఫిరంగి గుళ్లు పేల్చి, బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు తగలబెట్టి, చీకట్లో తప్పుకున్న ఓడ అది. హైకోర్టు ప్రహరీకి ఫలకం ఉంది. అక్టోబరు 28న మూడు పొగగొట్టాల ఆ ఓడకు ఉత్తుత్తి నాలుగో గొట్టం కట్టి, బ్రిటిష్ ఓడలా పెనాంగ్ రేవులో దూరి, రష్యన్ యుద్ధనౌక జెమ్‌చుగ్‌ను ముంచాడు ముల్లర్. సరుకు ఓడలను ముంచేముందు సిబ్బందిని దించి భద్రంగా పంపేసేవాడు. తెగువా యుక్తీ కలిసిన మాట ‘ఘటికుడు’. ‘గుండెలు తీసిన బంటు’లో కర్కశత్వం ఉంది, ముల్లర్‌కు అతకదు.

పెరంబూరు: ‘చెరపట్టారు’ తీసేయండి. రావణుడు సీతను చెరపట్టాడు అంటాం, ఆ మాట వింటే ఆడవాళ్లను ఎత్తుకుపోవడమే తోస్తుంది. ఒట్టి ‘ఖైదీ’ అంటే నేరానికి శిక్ష పడినవాడు. ‘యుద్ధఖైదీగా చిక్కాడు’ అనండి. నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా ఓడ సిడ్నీ ఎదురైంది. దాని ఫిరంగులు ఆరంగుళాలవి, ఎమ్డెన్‌వి 10.5 సెంటీమీటర్లవి. సిడ్నీ దూరం నుంచే కొట్టగలిగింది. ఎమ్డెన్ చితికిపోయాక మిగిలినవాళ్లయినా బతకాలని ముల్లర్ ఓడను నార్త్ కీలింగ్ దీవి దిబ్బ మీదికి ఎక్కించాడు. తర్వాత మాల్టాలో, 1916 నుంచి ఇంగ్లండులో నిర్బంధం. 1917 సెప్టెంబరులో సొరంగం గుండా 21 మందితో తప్పించుకుని మళ్లీ దొరికిపోయాడు. ఇక్కడ ‘పారిపోయాడు’ అంటే పిరికితనం ధ్వనిస్తుంది, ‘తప్పించుకున్నాడు’ ఉంచండి.

మాంబళం: వ్యాసంలో పతకాన్ని ‘వీరచక్ర’ అన్నారు.

రాయపురం: తప్పు. వీరచక్ర 1950లో మన దేశం నెలకొల్పినది. ముల్లర్‌కు 1918లో వచ్చింది ప్రష్యా వారి పూర్ ల మెరీత్. పేరు అలాగే రాసి, పక్కన ‘అత్యున్నత సైనిక పురస్కారం’ అని చేర్చండి. ఇంకొకటి. బతికి బయటపడ్డ నావికులకు ఇంటిపేరు చివర ఓడ పేరు తగిలించుకునే హక్కు ఇచ్చారు. వాళ్ల పేర్లలో గీత గీసి ‘ఎమ్డెన్’ కనిపిస్తే అచ్చుతప్పని కొట్టేయకండి.